బేత్లెహేము కొరవంజి వ్రాసిన వేదనాయక శాస్త్రి

తంజావూరు అనగానే తెలుగు చదువుకున్నవారికి ముందుగా స్ఫురించేది యక్షగానం. రఘునాథ నాయకుని కొలువు, ఆయన కుమారుడు విజయరాఘవుడు స్వయంగా వ్రాసి ఆడించిన నాటకాలు, తరువాత వచ్చిన మరాఠా ప్రభువు శాహజీ పల్లకి సేవా ప్రబంధాలు, దర్భా గిరిరాజకవి 'రాజమోహన కొరవంజి'. భాషాప్రవీణ చదివే రోజుల్లో మేము వరుసగా వల్లె వేసిన పేర్లివి. అదే తంజావూరి నేల మీద, అదే కొరవంజి ప్రక్రియను చేపట్టి, యేసుక్రీస్తును నాయకుడిగా నిలిపి నాటకం కట్టి, పాటనూ ఆటనూ తన దైవసేవగా ఎంచుకుని తొంబైయేళ్ళ అంచుదాకా బ్రతికిన కవి ఒకాయన ఉన్నాడని మాకు ఎవరూ చెప్పలేదు. ఆయన వ్రాసింది తమిళంలో. అందుచేత మన సాహిత్య చరిత్రల్లోకి ఆయన రాకపోవడంలో వింత లేదు. కాని మనదని చెప్పుకునే ఒక ప్రక్రియ మన కళ్ళముందే మరో గడప తొక్కి ఏమయిందో తెలుసుకోవడం మనకూ అవసరమే.

ఆయన పేరు వేదనాయక శాస్త్రి (1774–1864). తమిళులు గౌరవంగా 'శాస్త్రియార్' అంటారు. పేరు చూసి బ్రాహ్మణుడని పొరబడవద్దు. ఆయన వెళ్ళాల కులజుడు. దక్షిణదేశంలో ఆనాటి ప్రొటెస్టంటు క్రైస్తవులు బైబిలును 'వేదం' అనేవారు. ఆ వేదం చదివి చెప్పగల పండితుడు కనుక శాస్త్రి. 'సువిశేష కవి' అన్న బిరుదు కూడా ఉంది. మనం సువార్త అనేదానిని వారు సువిశేషం అంటారు. అంటే సువార్త చెప్పడానికే కవియైనవాడని అర్థం. కవిత్వం ఆయనకు తీరికవేళల వ్యాసంగం కాదు, కొలువు.

ముందుగా కొరవంజి గురించి నాలుగు మాటలు. తమిళంలో కుఱవంజి. కొండల్లో తిరిగే కుఱవ స్త్రీ ఎఱుక చెప్పడం ఇందులో ప్రధాన ఘట్టం. కథ చాలా సన్నం. నాయకుడు ఊరేగింపుగా వస్తాడు. బంతులాడుకుంటున్న కన్య అతన్ని చూసి మనసు పారవేసుకుంటుంది. చంద్రుణ్ణి తూలనాడుతుంది, చెలికత్తెను రాయబారం పంపుతుంది. అప్పుడు బుట్ట చంకన పెట్టుకుని ఎఱుకలసాని వస్తుంది. తన కొండల గొప్ప చెప్పి, తిరిగిన దేశాలు ఏకరువు పెట్టి, కన్య చెయ్యి చూసి, కోరిక నెరవేరుతుందని సోది చెబుతుంది. కానుకలు పుచ్చుకుని వెళ్ళిపోతుంది. ఆ తరువాత ఆమె మగడు సింగడు పిట్టలు పట్టడానికి వలతో దిగి, పెళ్ళాం కనబడక వెతుక్కుంటూ, చివరకు దొరికాక "ఈ సొమ్ములు నీకెక్కడివి?" అని నిలదీస్తాడు. సభంతా నవ్వుతుంది.

మన యక్షగానాలలోనూ ఎఱుకలసాని పాత్రకు పీట ఉంది. సాక్షాత్తు దేవతలే ఆ వేషంలో వచ్చి సోది చెప్పడం ఎన్నో కథల్లో చూస్తాం. ఎస్వీ జోగారావుగారి 'ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర' తిరగవేసిన వారికి ఈ సంగతులు కొత్త కావు. నేను ఉన్నత పాఠశాలలో యక్షగానం పాఠం చెప్పేటప్పుడు లక్షణాలన్నీ చెప్పి అలసిపోయి, చివరకు వీధిలో సోదమ్మ పిలుపు అనుకరిస్తే పిల్లలకు ఒక్క క్షణంలో అర్థమయ్యేది. ఆ పాత్రకున్న బలం అది.

ఇక కవి సంగతి. వేదనాయకుడు తిరునెల్వేలిలో పుట్టాడు. 'కుట్రాల కుఱవంజి' అన్న ప్రసిద్ధ నాటకం వెలసిన సీమ అది. తండ్రి దేవసహాయం క్రైస్తవం పుచ్చుకున్నవాడు, తానూ కవి. 1785 ప్రాంతంలో జర్మను మిషనరీ క్రిస్టియన్ ఫ్రెడరిక్ శ్వార్ట్జ్ ఆ ఊరు వచ్చి, ఈ కుర్రవాడి తెలివి చూసి, చదివిస్తానని తంజావూరు తీసుకువెళ్ళాడు. అప్పటికి పిల్లవానికి పన్నెండేళ్ళు నిండీనిండని వయసు. శ్వార్ట్జ్ సామాన్యుడు కాడు. తంజావూరు రాజు తుళజాజీ మరణించే ముందు తాను దత్తు తీసుకున్న బాలుడు శరభోజిని ఆయన సంరక్షణలో ఉంచాడు. అలా ఒక కాబోయే రాజూ, ఒక కాబోయే కవీ ఒకే గురువు నీడలో పెరిగారు. ఒకడు తన మతంలోనే ఉండిపోయాడు, మరొకడు గురువు మతాన్ని పాడాడు. 1798లో శ్వార్ట్జ్ మరణించినపుడు శరభోజి ఇంగ్లండులోని శిల్పి ఫ్లాక్స్‌మన్ చేత పాలరాతి స్మారక శిల్పం చేయించి తంజావూరు కోటలోని చర్చిలో పెట్టించాడు. మంచాన ఉన్న గురువు చేతిని రాజు పట్టుకున్నట్లు ఆ శిల్పం ఉంటుంది.

వేదనాయకుడు తరంగంబాడిలో వేదాంత విద్య చదివి, తంజావూరు వచ్చి మిషను బడిలో ప్రధానోపాధ్యాయుడయ్యాడు. తరంగంబాడి డేనిష్ వారి రేవు. 1706లో జీగెన్‌బాల్గ్ అక్కడ దిగడంతోనే మన దేశంలో ప్రొటెస్టంటు మిషను మొదలయింది. ఆ పరంపరలోని షుల్ట్జ్ మద్రాసు చేరి తెలుగు నేర్చుకోవడం, 1746లో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకం అచ్చువేయించడం మనకు తెలిసిన కథే. ఈ మిషనరీలు భక్తిపరులు, కష్టపడి భాషలు నేర్చినవారు. అయితే ఆరాధనలో పాడవలసిన పాటలంటే వారి మనసులో మెదిలేవి జర్మను కీర్తనలే. మాటలు తమిళంలోకి మారేవి, బాణీ మారేది కాదు. ఛందస్సుకు పొసగని మాటలు, రాగం తెలియని స్వరాలు. పైగా నాటకమంటే వారికి అనుమానం. ఈ దేశంలో నాటకం గుడికి, దేవదాసికి, రాజాస్థానానికి అల్లుకుని ఉండటంతో ఆ అనుమానం రెట్టింపయింది.

అటువంటి చోట ఒక బడిపంతులు 1800 ప్రాంతంలో 'బేత్లెహేము కుఱవంజి' వ్రాశాడు. అందులో యేసు రాజుగా ఊరేగి వస్తాడు. కన్య పేరు దేవమోహిని. ఆమె సీయోను కుమారి, అంటే క్రైస్తవ సంఘం. బైబిలులోనే సంఘాన్ని వధువుగా, క్రీస్తును వరుడిగా చెప్పడం ఉంది. మన మధురభక్తికి అది ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. శాస్త్రి ఆ దగ్గరితనాన్ని పట్టుకున్నాడు. ఎఱుకలసాని వచ్చి చెయ్యి చూసి, నీ రాజు వస్తాడని చెబుతుంది. ఆమె విశ్వాసానికి ప్రతీక. సింగడు ఉపదేశకుడు. అతని వల సువార్త, వలలో పడే పిట్టలు మనుష్యుల ఆత్మలు. 'మనుష్యులను పట్టే జాలరులు' అన్న సువార్త మాట కొండజాతి వేటగాని వలలోకి ఎంత సహజంగా వచ్చి కుదురుకుందో చూడండి. కథను ప్రక్రియలోకి బలవంతాన దూర్చినట్లు అనిపించదు. ఏదో ఒకనాటికి ఈ కథ కోసమే ఆ వల అల్లిపెట్టినట్లు ఉంటుంది.

మరొక విశేషం. ఆ నాటకంలో భూగోళం ఉంది, ఖగోళం ఉంది. సూర్యుని చుట్టూ గ్రహాలు తిరుగుతాయన్న కోపర్నికస్ సిద్ధాంతాన్ని శాస్త్రి తమిళ పద్యాల్లో పెట్టాడు. కొరవంజిలో కొండలు, నదులు, దేశాలు, పిట్టల పేర్లు ఏకరువు పెట్టడం ఎలాగూ ఆనవాయితీ. దానిని ఆయన బడిలో చెప్పే కొత్త చదువుకు వాడుకున్నాడు. మేష్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది! సరస్వతీ మహలు గ్రంథాలయాన్ని పెంచి, పాశ్చాత్య శాస్త్రాలపై మక్కువ చూపిన శరభోజి కాలపు తంజావూరు గాలి కూడా అందులో ఉంది.

ఈ నాటకాన్నీ, తక్కిన తన రచనలనూ ఆయన కథాకాలక్షేపంగా నడిపాడు. రాగతాళాలతో పాడుతూ, మధ్యలో వచనంతో వివరిస్తూ, శిష్యులు వంత పాడగా రాత్రి సాగే కార్యక్రమం. ఆయన వ్రాసినవి నూరుకు పైబడిన గ్రంథాలని చెబుతారు. తంజావూరు మరాఠీ కీర్తనకారుల ప్రభావంతో అక్కడ హరికథ రూపుదిద్దుకుంటున్న శతాబ్దం అది. శాస్త్రి కన్నుమూసిన 1864వ సంవత్సరంలోనే మన ఆదిభట్ల నారాయణదాసుగారు పుట్టారు. ఇది కాకతాళీయమే. కాని ఒకే చెట్టుకు ఎన్ని కొమ్మలు పోయాయో గుర్తు పెట్టుకోవడానికి పనికివచ్చే తారీకు.

కళనే సేవగా ఎంచుకున్నవాని బ్రతుకులో అసలు ప్రశ్న ఎప్పుడూ ఒకటే: కూడు ఎవరు పెడతారు? మాట ఎవరు చెల్లనిస్తారు? శాస్త్రి జీవితంలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు తారుమారయ్యాయి.

రాజు సంగతి ముందు చెబుతాను. శరభోజి మీద 'శరభేంద్ర భూపాల కుఱవంజి' అనే నాటకం వెలసింది. దానిని బృహదీశ్వరాలయ ఉత్సవాల్లో ఆడేవారు. తన బాల్యమిత్రుడైన క్రైస్తవ కవిని కూడా బృహదీశ్వరుని మీద కొరవంజి వ్రాయమని రాజు అడిగాడనీ, యేసును తప్ప మరొకరిని పాడనని శాస్త్రి వినయంగా నిరాకరించాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది చదవగానే మనకు త్యాగరాజస్వామి తలపుకు వస్తారు. శరభోజి పిలుపును ఆయన తిరస్కరించారన్న కథ ప్రతి తెలుగింటా తెలిసిందే. తిరువైయారు తంజావూరుకు కూతవేటు దూరం. త్యాగయ్యగారు (1767–1847) శాస్త్రి కంటే ఏడేళ్ళు పెద్ద. ఆయన 'నౌకాచరిత్రము', 'ప్రహ్లాద భక్తివిజయము' అనే గేయనాటకాలు తెలుగులో వ్రాశారు. ఒకే కాలంలో, ఒకే కావేరి నీళ్ళు త్రాగి, ఒకరు రామునికి, మరొకరు యేసుకు నాటకం కట్టారు. ఇద్దరి పేరనా జనం ఒకే రాజును కాదన్న కథ చెప్పుకున్నారు. ఆ కథల్లో నిజమెంతో చరిత్రకారులు తేల్చాలి. భక్తకవి ఎలా ఉండాలని ఆ నేల మీది ప్రజలు కోరుకున్నారో మాత్రం అవి చెప్పకనే చెబుతున్నాయి. దానికి మతభేదం లేకపోయింది.

వేడుక ఏమిటంటే, ఆ శరభోజియే 1829లో శాస్త్రిని ఆస్థానకవిగా నియమించి భృతి ఏర్పాటు చేశాడు. ఆయన క్రీస్తును పాడుకోవడానికి అడ్డు చెప్పలేదు. సరిగ్గా అదే కాలంలో మిషను మాత్రం ఆయనను వదులుకుంది. క్రైస్తవ కవికి హిందూ రాజు కూడు పెట్టాడు, చర్చి పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదు? ఇక్కడికి వచ్చేసరికి కథ చిక్కుపడుతుంది. తేలికగా చెప్పేసి తప్పుకోవచ్చు: తెల్లదొరలకు మన సంగీతం గిట్టలేదు, దేశభక్తుడైన కవి ఎదిరించాడు అని. సగం నిజమే. శ్వార్ట్జ్ తరం వెళ్ళిపోయి, 1820ల నాటికి కొత్త తరం మిషనరీలు వచ్చారు. 1826 ఈస్టరుకు కలకత్తా బిషప్పు హీబర్ తంజావూరు వచ్చాడు. ఆయన తానే భక్తిగీతాలు వ్రాసిన కవి, కుల వివాదంలో నెమ్మదిగా పోదామన్న మనిషి. కాని కొద్దిరోజులకే తిరుచిరాపల్లిలో హఠాత్తుగా మరణించాడు. తగవు ముదిరింది. 1829 నాటి శాస్త్రి రచనల్లో ఆయన ఫిర్యాదులు కనిపిస్తాయి. అలవాటైన పాత తమిళ బైబిలు అనువాదాన్ని మార్చుతున్నారు. పండుగల్లో, పెళ్ళిళ్ళలో పూలు కూడదంటున్నారు. ఆరాధనలో తమిళ కీర్తనలు పాడనివ్వడం లేదు. ఇంతవరకు ఏ భాషాభిమాని అయినా ఆయన వైపే నిలబడతాడు.

ఆ జాబితాలో మరొకటి ఉంది. కులాలను కలిపివేస్తున్నారన్నది. తంజావూరు చర్చిలో వెళ్ళాలులు ఒకవైపు, పఱయలు మరొకవైపు కూర్చునేవారు. ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షారస పాత్రను పుచ్చుకోవడంలోనూ ముందువెనుకలు పాటించేవారు. ఇవి చెల్లవని కొత్త మిషనరీలు పట్టుబట్టారు. 1833లో బిషప్పు డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదాలను వెంటనే విడిచిపెట్టి తీరాలని శాసించాడు. శాస్త్రి ఆ పక్షాన నిలవలేదు. కులం లోకాచారమనీ, విశ్వాసానికి దానితో తగవు లేదనీ వాదించాడు. పూలమాల, రాగం, కులం మూడూ ఆయన దృష్టిలో ఒకే గంపలోని వస్తువులు: మా పెద్దల నాటి మర్యాదలు. మిషనరీలు కూడా మరోవైపు నుంచి అదే పొరబాటు చేశారు. కులాన్ని తొలగించే చేతితోనే రాగాన్నీ తొలగించబోయారు. రెండు పక్షాలకూ గంప ఒకటే అయిపోయింది. దానిలో ఏది ఉంచాలో, ఏది పారవేయాలో ఏరి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఈ తగవును మనసులో పెట్టుకుని మళ్ళీ నాటకం తలచుకుంటే కొన్ని ప్రశ్నలు వెంటాడుతాయి. దేవమోహిని కులకన్య. ఆమెకు దారి చూపినదెవరు? బుట్ట చంకన పెట్టుకుని ఊరూరా తిరిగే ఎఱుకలసాని. దేవమోహిని ఆమె చేతిలో చెయ్యి పెడుతుంది. విశ్వాసం అంటే ఎవరని అడిగితే శాస్త్రి కలం చూపింది ఆ స్త్రీనే. పురోహితుణ్ణి కాదు, దొరను కాదు, వెళ్ళాల పండితుణ్ణీ కాదు. ప్రక్రియ అలా ఉంది కనుక ఆయన అలా వ్రాశాడని అనవచ్చు. నిజమే. కాని ఎన్నో ప్రక్రియలుండగా దీనిని ఎన్నుకున్నది ఆయనే గదా! రంగస్థలం మీద ఎఱుకత చేతికి చెయ్యి అందించిన సంఘం, ఆరాధనలో ఆమె పెదవి తగిలిన పాత్రను అందుకోవడానికి వెనుకాడింది. ఆ వెనుకాటును సమర్థించినవాడూ, ఆ సన్నివేశం వ్రాసినవాడూ ఒక్కడే.

దీనికి ఆయనను తిట్టి పక్కన పెట్టడం సులువు, తప్పు కప్పిపుచ్చి పూలదండ వేయడం ఇంకా సులువు. నాకు రెండూ ఇష్టం లేదు. పాటకోసం ఆయన చేసిన పోరాటం న్యాయమైనది. కులంకోసం చేసినది అన్యాయమైనది. పాఠం చెప్పేటప్పుడు కవిని, కావ్యాన్ని వేరుచేసి చూడమంటాం. ఇక్కడ అలా వేరుచేయడం కంటే కావ్యాన్ని సాక్షిగా పిలిచి కవిని ప్రశ్నించడమే మేలనిపిస్తుంది. కొరవంజి ఎన్నో తరాల జానపదుల నోట నలిగిన ప్రక్రియ. దానిలో ఒక జ్ఞాపకం ఉంది. రాజులూ పండితులూ దానిని ఎత్తుకుపోయి ఎవరి కథకు వారు వాడుకున్నా, కథలో అన్నీ తెలిసినది కొండమనిషేనన్న మాటను మాత్రం తుడిచివేయలేకపోయారు.

మన తెలుగునాట ఈ మార్గం ఎలా నడిచిందో కొంచెం చెప్పి ముగిస్తాను. పద్దెనిమిదవ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను 'వేదాంత రసాయనము' అనే ప్రబంధంగా వ్రాశాడు. పురుషోత్తమ చౌధరి (1803–1890) 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, తరువాత రాగతాళాలతో తెలుగు కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటపాటకూ రాగం పేరు, తాళం పేరు కనబడటానికి ఆయన వంటివారే కారణం. శాస్త్రి ఏ హక్కు కోసం పెనుగులాడాడో ఆ హక్కు ఇక్కడ చాలావరకు పోరు లేకుండానే దక్కింది. మా చిన్నతనంలో క్రిస్మసుకు ముందు మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో క్రీస్తు జననం బుర్రకథగా చెప్పేవారు. ఊరివారు కూడా వెళ్ళి దూరంగా నిలబడి వినేవారు. దూరంగా అన్నమాట గమనించండి.

ఆ దూరాన్ని గురించి వ్రాయడానికి మనకు జాషువా కవి (1895–1971) రావలసి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెబుతూ పొట్టపోసుకున్న మనిషి ఆయన. తెరమీది మూగబొమ్మలకు గొంతు ఇవ్వడం ఆయనకు తొలి ఉద్యోగాలలో ఒకటి. 1941లో 'గబ్బిలం' వెలువడింది. గుడిలోకి రానీయని మనిషి, గుడిలో వ్రేలాడే గబ్బిలం చేత కాశీ విశ్వనాథునికి కబురు పంపుతాడు. మేఘసందేశమనే పండితుల ప్రక్రియను చేపట్టి దానిలోకి అంటరానివాని గొంతును తెచ్చాడు జాషువా. 1964లో ఆయన 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. శాస్త్రి వెలి మనిషి ప్రక్రియను పండితుల సంఘంలోకి తీసుకువెళ్ళాడు. జాషువా పండితుల ప్రక్రియను వెలి మనిషి చేతికి ఇచ్చాడు. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరం మన విద్యార్థులకుంది.

వేదనాయక శాస్త్రి 1864 జనవరిలో తంజావూరులో కన్నుమూశాడు. తరువాత ఆయన వంశీకులు తరతరాలుగా ఆ కాలక్షేపాలను కొనసాగించారు. ఇరవయ్యవ శతాబ్దంలో, రెండవ వాటికన్ మహాసభ (1962–65) తరువాత, కథోలిక గురువులు కూడా ఈ దారి పట్టారు. 1977లో తిరుచిరాపల్లిలో 'కలై కావిరి' అన్న లలితకళా సంస్థ వెలసింది. ఫాదర్ ఫ్రాన్సిస్ బార్బోజా అనే గురువు భరతనాట్యం నేర్చి క్రీస్తు కథను అభినయించారు. ఒకనాడు అనుమానించిన కళకు ఇంటిలో పీట వేశారు.

పీట వేసినవారందరికీ ఒక మనవి. బేత్లెహేము కొరవంజిని మళ్ళీ ఎవరైనా ఆడదలిస్తే, ఎఱుకలసాని పాత్రను కేవలం హాస్యానికో, పాటకో వదిలివేయవద్దు. ఆమె చెయ్యి చాచినప్పుడు దేవమోహిని తన చెయ్యి అందించే ఘట్టం దగ్గర కాస్త ఆగండి. చూసేవారిని ఆ రెండు చేతులూ తనివితీరా చూడనివ్వండి. శాస్త్రిగారు వ్రాసి, తాను చదువుకోని పుట అదే.